ఏడో సీసా

“ఆ ఏడో సీసా అత్తదే అయితే ఏం చేసేది?”

పాలు పొంగకముందే, బస్సు రాకముందే, ఇంట్లో ఇంకెవరూ నోరు తెరవకముందే ఆ మాట అనేశాను. చెడ్డమాటను మనమే ముందుగా అనేస్తే అది సిగ్గుపడి వెనక్కి పోతుందని నా నమ్మకం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను అలా వెనక్కి పంపిన చెడ్డమాటలు ఎన్నో.

మా ఆయన కన్నప్పన్ గుమ్మంలో కూర్చుని తక్కాళి, అదే టమాటా, పెట్టెలకు గడ్డి పరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

“ఏమే సత్యా, పొద్దున్నే ఏదో ఒక దిగులు, కవలై పడకపోతే నీకు కాపి గొంతు దిగదా?”

“నవ్వండి. నిన్న పాప ఫోనులో ఏం చెప్పింది? పద్దెనిమిది సీసాల్లో పదిహేడు బాగుండాయి, ఏడో నంబరు మాత్రం లివర్ తేడాగా ఉంది అని చెప్పిందా లేదా? నా నోటుపుస్తకంలో ఏడు దగ్గర ఎవరి పేరుంది? అత్త పేరే కదా!”

“డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నిన్న మేకను తరుముకుంటా ఆ గట్టు దాకా పోయె. నాకైతే ఆమె లివర్ మీద కంటే ఆ మేక మీదే జాలి.”

నవ్వించాలనే అన్నాడు. కానీ గడ్డి పరిచే చేయి ఆగిపోయింది. తల్లి కదా.

పెరటి వసారాలో టక్, టక్ మని రాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా అత్త రంగమ్మాళ్ చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. ఆమె చుట్టూ పెంకులు, పక్కన ఆమె పెట్టకోడి. ఈ ఇరవై ఆరు రోజులుగా మనవరాలికి చెప్పవలసిన ప్రతి మాటనూ ఆమె ఆ కోడికే చెబుతోంది.

గొడవంతా గుట్టతీగ వేరు దగ్గర మొదలైంది. నలభై ఏళ్ళుగా మా వీధి ఆడవాళ్ళ ఒళ్ళునొప్పులకు అత్త కాచి ఇచ్చే కషాయం ఆ వేరుతోనే. సేలంలో పరిశోధన చేసే మా పాప వినోదిని పోయి పోయి ఆ వేరునే ఎంచుకుంది. దాంట్లోంచి సారం తీసి ఎలుకలకు ఇస్తే, వాటి కాలేయం దెబ్బతిన్నదట. ఆ సంగతి ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పింది. అన్నం తినేటప్పుడు చెప్పే మాటా అది?

“ఎలుకకు మోకాళ్ళనొప్పి అని ఎవరు చెప్పినారు నీకు? దానికెందుకు ఇచ్చినావు నా మందు?” అని అత్త కంచం ముందునుంచి లేచిపోయింది. అదే చివరి మాట.

అయినా పది రోజుల కిందట, వీధిలో కషాయం తాగే ఆడవాళ్ళందరి దగ్గరా పొద్దుటి మూత్రం సీసాల్లో పట్టి పంపమని పాప నన్ను అడిగినప్పుడు, అత్త కూడా వచ్చి చేయి చాచింది. మాట లేదు. సీసా నింపి తెచ్చి, నలభై ఏళ్ళ పరువునంతా అందులోనే పోసినట్టు నా ముందు ఠక్కున పెట్టింది.

ఆ సీసాయే ఇప్పుడు ఆమె మీదికి వచ్చింది.

*

పదిగంటలకు పాప బండి దిగింది. భుజాన సంచి, చేతిలో నాకోసం ధర్మపురి బస్‌స్టాండులో కొన్న మల్లెపూలు. ముఖంలో భయం లేదు. ఆ వయసులో భయం ఉండదు, వాళ్ళ బదులు మనమే పడాలి.

“అమ్మా, ఏడ్చినావా?”

“లేదు. ఉల్లిగడ్డ తరిగినాను.”

“పొయ్యి మీద పాలే కదా ఉండాయి!”

మా ఆయన గట్టిగా నవ్వాడు. పాప నేరుగా పెరట్లోకి పోయి అత్త ముందు గొంతుక్కూర్చుంది.

“అవ్వా, వచ్చినాను.”

టక్. టక్.

“అవ్వా, నీకు ఇష్టమని వేరుశనగ ముద్ద తెచ్చినాను.”

అత్త కోడి వైపు తిరిగింది. “చూడవే, ఎలుకల డాక్టరమ్మ వచ్చినట్టుంది. పోయి దండం పెట్టు. లేకపోతే నిన్ను కూడా సీసాలో పోస్తుంది.”

పాప పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆ ముద్దను అత్త పక్కన పెట్టి లోపలికి వచ్చింది. కాసేపటికి చూస్తే ముద్ద లేదు. కోడి తిన్నదనుకుందామంటే పొట్లం నీటుగా మడిచి ఉంది.

పాప లాప్‌టాప్ తెరిచి నాకూ వాళ్ళ నాయనకూ చూపించింది. వత్తల్మలై కొండల వరసలాగా గీతలు, పెద్ద శిఖరాలు, చిన్న శిఖరాలు.

“ఇది ఏమిటో చెప్పు పాపా, నేను ఎనిమిదో క్లాసే” అన్నాను.

“నువ్వు పక్కింటి మోరీలో పారే నీళ్ళు చూసి ఆ ఇంట్లో ఏం వండినారో చెప్తావు కదమ్మా?”

“చెప్తాను. నిన్న తమిళరసి ఇంట్లో చేపలు.”

“అదే ఇది. లివర్ అంటే వంటిల్లు. అక్కడ ఏదన్నా మాడితే పొగ రావడానికి టైం పడుతుంది. కామెర్లంటే ఆ పొగ. కానీ మోరీ నీళ్ళు ముందే మారిపోతాయి. మా మెషిన్ ఆ నీళ్ళలో ఉండే వందల చిన్న చిన్న పదార్థాలను ఒకేసారి చూస్తుంది. పొగ రాకముందే వంటింట్లో ఏదో సరిగా లేదని చెప్తుంది.”

తర్వాత ఇంకో బొమ్మ తెరిచింది. తెల్లటి తెర మీద చుక్కలు. ఒక మూల పదిహేడు చుక్కలు గంప కింద కోడిపిల్లల్లా ఒక్కచోట ఒదిగి ఉన్నాయి. ఒక్క చుక్క మాత్రం దూరంగా, రెండో చివర, తానొక్కతే.

“ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ఒకే రకంగా ఉన్నవాళ్ళు దగ్గరగా చేరతారు. ఆ దూరంగా ఉన్నదే ఏడో సీసా.”

పాపం, ఎంత ఒంటరిగా ఉంది ఆ చుక్క. చీర చెంగు తీసి తెరమీద ఆ చుక్కను తుడిచినట్టు నిమిరాను.

“అమ్మా, అది దుమ్ము కాదు!”

ఇక ఆగలేకపోయాను. పెరటి తలుపు దగ్గరికి పోయి, ఏడుపుతోనే అనేశాను. “అత్తా, ఆ ఏడో సీసా మీదే! నోటుపుస్తకంలో మీ పేరే ఉంది! పదండి, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం.”

రాయి చప్పుడు ఒక్కక్షణం ఆగింది. అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఒరే కన్నప్పా,” అని కొడుకును పిలిచింది, “నేను బతికుండగానే నీ పెండ్లాం నాకు ఏడుస్తా ఉంది. నేను పోయినాక ఏడ్చేదానికి కొంచెం మిగిలించమని చెప్పు.”

“అమ్మా, నవ్వులాట కాదు. పాప చెప్పేది విను.”

“నలభై ఏండ్లు తాగినాను. ఏ డాక్టరూ నా నాడి పట్టలేదు. వాళ్ళ మెషిన్‌కు జ్వరమేమో, దాన్ని చూపించమను.”

*

పాప మాత్రం మా గొడవలో చేరలేదు. తెర మీది కొండల వరసను పెద్దది చేసి, కనుబొమలు ముడిచి చూస్తోంది.

“నాయనా, అవ్వ కాపి తాగుతుందా?”

వసారాలోంచి రాయి నేల మీద పడిన శబ్దం వినిపించింది.

“కాపీనా!” అత్త కోడితో అరిచింది. “ఆ బొగ్గునీళ్ళు నా జన్మలో ముట్టినానా? రాగి అంబలి తప్ప పొద్దున నా నోట్లో ఏమన్నా పడిందా? అడుగు వాళ్ళను!”

“ఎందుకు పాపా?” అన్నాడు మా ఆయన.

“ఇదో, ఈ శిఖరం, ఈ పక్కన ఇది. కాపి తాగేవాళ్ళకే ఇవి వస్తాయి. అది కూడా ఒక కప్పు కాదు, రోజుకు మూడు నాలుగు. ఏడో సీసా మనిషి ఒక కాపి గుండిగ.”

“అమ్మా!” మా ఆయన పెరట్లోకి మెడ చాచాడు. “దొంగతనంగా కాపి తాగుతా ఉండావా? చెప్పు, ఎవరింట్లో?”

చింతకాయ ఒకటి ఎగిరి వచ్చి అతని వీపున తగిలింది. గురి తప్పలేదు. లివర్ దెబ్బతిన్న మనిషి అలా విసరగలదా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది. నాకు రాలేదు. కాపి మాట వినగానే పొయ్యి పక్కనున్న నా గ్లాసును గిన్నె వెనక్కి జరిపాను.

“అమ్మా, నీ నోటుపుస్తకం ఇయ్యి.”

తెచ్చి ఇచ్చాను. తెలుగు మాటలను నేను తమిళ అక్షరాలతో రాస్తాను, మాకు బళ్ళో నేర్పింది అవే. పాప పేజీ మీద వేలు పెట్టి కింది దాకా చదివింది. మళ్ళీ పైకి పోయింది.

“నేను ఇచ్చింది పద్దెనిమిది సీసాలు కదా. ఇందులో పదిహేడు దాకానే నంబర్లుండాయి.”

“పద్దెనిమిది మందికీ ఇచ్చినాను పాపా. ఒకటి కూడా పగలలేదు. స్వామి సాక్షిగా!”

“అయితే పైన ఈ మొదటి పేరు దగ్గర ఒకటి అని రాయకుండా ‘లాభం’ అని ఎందుకు రాసినావు?”

ఇదేం ప్రశ్న? మా ఇంట్లో రాగులు కొలిచినా, పాలకోడు మార్కెట్‌కు తక్కాళి పెట్టెలు ఎక్కించినా, మొదటిది లెక్కలోకి రాదు. అది లాభం. స్వామి పేరు చెప్పి పక్కన పెట్టి, రెండోదాని దగ్గర ఒకటి అని మొదలుపెడతాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్త నేర్పిన మొదటి పాఠం అదే. నాకు ఇప్పుడు చేయి తానుగానే అలా లెక్కపెడుతుంది.

ఆ మాటే చెప్పాను. పాప నెత్తిన చేయి పెట్టుకుంది.

“అమ్మా! సీసాల అడుగున నేను నంబర్లు అంటించినాను!”

“అడుగున ఎవరు చూస్తారు? వరసగా పెట్టి ఇచ్చినావు, వరసగా ఇచ్చినాను.”

పాప నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వాళ్ళ నాయన ఏమీ అర్థంకాకపోయినా తోడుగా నవ్వాడు. ఆ సందట్లోనే పెరుగు గిన్నెతో పక్కింటి తమిళరసి వచ్చింది.

“ఏంది అక్కా, పెండ్లి ఏమన్నా కుదిరిందా?”

“నువ్వు లాభం అత్తా!” అంది పాప. “మొదటి సీసా నీదే. నీకేమీ లేదు, బాగుండావు.”

“లాభమా? నేనా?” తమిళరసి ముఖం వెలిగిపోయింది. “మా ఇంటాయన పెండ్లినాటి నుంచీ నన్ను నష్టం అనే అంటా ఉండాడు. ఆ పుస్తకం ఒకసారి ఇయ్యక్కా, చూపించి తెస్తాను.”

నవ్వులు తగ్గాక మా ఆయన మెల్లగా లెక్క అందుకున్నాడు. పెట్టెల లెక్కలో ఆయన నాకంటే గట్టి. “మొదటి సీసా లాభం. రెండో సీసా పుస్తకంలో ఒకటి. అంటే పుస్తకంలో ఏడు అని ఉన్న మా అమ్మది ఎనిమిదో సీసా. ఏడో సీసా అంటే...”

“పుస్తకంలో ఆరు” అంది పాప, నవ్వుతూనే. వేలు ఆరు మీదికి పోయింది.

వేలు అక్కడే ఆగింది. నవ్వు కూడా.

ఆరు పక్కన నేను పేరు రాయలేదు. నా చేత్తో నా పేరు ఎందుకని, ‘నేను’ అని రాసుకున్నాను.

*

తమిళరసి పెరుగు గిన్నె కింద పెట్టింది.

విచిత్రం ఏమిటంటే నాకు ముందుగా వచ్చింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. అత్తది కాదు. పాపది కాదు, ఆయనది కాదు. ఇన్నేళ్ళూ అందరి కోసం భయపడ్డాను, నా ఒక్కదాని కోసం భయపడడం మరిచిపోయాను. అది తట్టి నాకు నవ్వొచ్చింది.

“అమ్మా, నవ్వొద్దు.” పాప నా చేయి పట్టుకుంది. “నువ్వూ అందరి మాదిరే అవ్వ ఇచ్చే కషాయమే కదా తాగేది?”

ఇక దాచడానికి లేదు.

“కషాయం కాదు. పొడి.”

“ఏం పొడి?”

“వేరు పొడి. అత్త డబ్బాలో ఉంటుంది కదా. పొద్దున తోటకు పోయే తొందరలో కషాయం కోసం ఎవరు కాచుకుంటారు? ఒక స్పూను తీసి తేనెలో కలిపి మింగేస్తాను. రెండున్నర నెలలుగా. వీధంతా తాగేదే కదా అని, నువ్వు ఎలుకల సంగతి చెప్పినాక కూడా ఆపలేదు.”

“ఏమమ్మా నొప్పి నీకు?”

“నొప్పేమీ లేదు.”

“మరి ఎందుకు?”

“రాకుండా!” అన్నాను. “నేను పడిపోతే మిమ్మల్నందరినీ ఎవరు చూస్తారు? నా ఒళ్ళు, ఒడంబు గట్టిగా ఉండాల కదా.”

మా ఆయన ముఖం తిప్పుకున్నాడు. నవ్వు వచ్చినా ఏడుపు వచ్చినా ఆయన అలాగే తిప్పుకుంటాడు.

పెరటి తలుపు దగ్గర నీడ పడింది. అత్త వచ్చి నిలుచుంది. చేతినిండా చింతపండు జిగట.

“పచ్చి పొడి తిన్నావా?” గొంతు చిన్నగా ఉంది. ఆమె అరిస్తే నాకు భయం లేదు. ఇలా మాట్లాడితేనే భయం. “పచ్చిది? రెండున్నర నెలలు? దాన్ని అట్ల తినమని ఎవరు చెప్పినారు నీకు?”

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచీ అత్త మాటకు ఎదురు చెప్పింది లేదు.

“అట్ల తినొద్దని ఎవరు చెప్పినారు అత్తా? మీరు కాచేటప్పుడు తలుపు వేసుకుంటారు. నన్ను కూడా రానియ్యరు. ఎట్ల కాచేదో ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి నాకు చెప్పినారా?”

తమిళరసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అత్త వెనక్కి తిరిగి, తన చోటికి పోయి, పెంకుల మధ్య కూర్చుంది. రాయి మాత్రం తీసుకోలేదు.

*

పాప నన్ను కూర్చోబెట్టింది. “టెన్షన్ పడొద్దమ్మా. కామెర్లు లేవు. లివర్ అలిసిపోయింది, అంతే అనుకుంటా ఉండాను. కానీ నేను అనుకుంటే చాలదు. పొడి ఈరోజే ఆపు. రేపు పాలకోడులో డాక్టర్‌ను చూసి రక్తం ఇద్దాం. మూడు వారాలకు మళ్ళీ ఒక సీసా ఇయ్యి. నీ చుక్క వెనక్కి వచ్చి మిగిలినవాటితో చేరుతుందో లేదో చూస్తాను.”

“చేరకపోతే?” అన్నాను వెంటనే. అలవాటు.

“చేరుతుంది లే. నీకు అందరి మధ్యలో ఉండకపోతే తోచదు కదా” అన్నాడు మా ఆయన. తర్వాత నా కాపి గ్లాసు తీసి తానే మోరీలో పారబోశాడు. ఆ తప్పు కాపిది కాదని పాప చెప్పేలోపే పోసేశాడు పాపం.

పాప లేచి పెరట్లోకి పోయింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

“అవ్వా.”

అత్త ఒళ్ళోని పెంకులు దులుపుకుంది.

“అవ్వా, నేను ఎలుకలకు ఇచ్చింది పచ్చివేరు సారం. స్పిరిట్‌లో తీసినాను. అమ్మ తిన్నది కూడా పచ్చిదే. కానీ నీ చేత్తో కాచింది తాగినవాళ్ళు నీతో కలిసి పదిహేడు మంది. ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదు. ఇదే రుజువు అని నేను చెప్పను, ఇంకా చాలా చూడాల. కానీ నువ్వు ఏదో చేస్తా ఉండావు. అది ఏమిటో నా మెషిన్‌కు తెలియదు. నీకు మాత్రమే తెలుసు.”

అత్త చేతికి అంటిన చింతపండును ఒక్కో వేలినుంచి తుడుచుకుంటోంది.

“వద్దు అంటే అడగను. కానీ ఆ డబ్బా ఇంట్లో ఉన్నంతకాలం, అమ్మ మాదిరి ఇంకొకరు...”

ఎండ వసారా మెట్టు దాకా వచ్చింది. వీధిలో ఏదో ట్రాక్టరు పాలకోడు వైపు పోయింది, దాని చప్పుడు పూర్తిగా సద్దుమణిగింది. మా ఆయన గడ్డి మోపు పట్టుకుని అలాగే నిలుచున్నాడు. తమిళరసి పోవాలి, పోవడం లేదు. నేను మనసులో చెడ్డమాటలు అన్నీ వరసగా అనేసుకుంటున్నాను. చెప్పదు. లేచిపోతుంది. ఇక మాతో కూడా మాట్లాడదు.

అత్త పెరటి గోడ పక్కనున్న బండరాయి వైపు చూస్తోంది. ఆ రాయి మీద ఎప్పటినుంచో గోధుమరంగు మరక ఉంది. దాని చుట్టూ గడ్డి మొలవదు. అక్కడ ఏం పోస్తుందో నేను ఎన్నడూ అడగలేదు.

చాలాసేపటికి ఆమె చేయి చాచి, కోడిని పక్కకు తోసి, ఆ చోటు ఖాళీ చేసింది.

“ఈడ కూర్చో పాపా” అంది. ఇరవై ఆరు రోజుల తర్వాత. “మీ అమ్మను కూడా పిలువు. పుస్తకం తియ్యి.”

నేను పోయి పాప పక్కన కూర్చున్నాను. నా నోటుపుస్తకం, పాప కలం.

“రాయి. లాభం.” అత్త గొంతు సవరించుకుంది. “పొడిని బియ్యం కడుగునీళ్ళలో రాత్రంతా నానబెట్టాల. పొద్దున పొయ్యి మీద పెట్టి తెర్లి పొంగినాక, ఆ మొదటి నీళ్ళు ఆ బండ మీద పారబొయ్యాల. చెట్టు మొదట్లో కూడా పొయ్యకూడదు. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి కాచిందే కషాయం. మొదటిది లెక్కలోకి రాదు, సత్యా. రెండో నీళ్ళ దగ్గరే ఒకటి.”